శాలువా వాసన

చలి మొదలైందని పెట్టె తెరిచాను. గుప్పుమని కలరా ఉండల వాసన! అడుగున మా అత్తగారి శాలువా.

కలరా ఉండలు లేని రోజుల్లో శాలువాలకు పురుగు పట్టకుండా ఏం చేసేవారో తెలుసా? మడతల్లో పచోలీ ఆకు పెట్టేవారు. పేరు తమిళం నుంచి వెళ్ళిందే. చెట్ల నీడన పెరిగే ఈ మొక్క మన తులసికీ, పుదీనాకీ చుట్టం. పచ్చి ఆకు కన్నా ఎండిన ఆకుకే ఘాటెక్కువ.

పంతొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువాలు ఈ ఆకుతోనే ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. అక్కడి దొరసానులకు మన నేత గురించి ఏం తెలుసు? ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారట. ఆ వాసన వస్తేనే అసలు సరుకు! ఫ్రాన్సులోనూ, స్కాట్లాండులోని పేస్లీలోనూ అలాంటి శాలువాలే నేశారు. వాసన ఒక్కటే తక్కువ. ఆఖరికి ఫ్రెంచివాళ్ళు గుట్టు కనిపెట్టి, ఆ ఆకే తెప్పించుకుని తమ శాలువాలకు పట్టించారని చెబుతారు.

నకిలీది అలా అసలుదైపోయింది, సరే. మరి దారిలో వాసన పోగొట్టుకున్న అసలు శాలువా గతేమిటి? దాన్ని ఎవరు నమ్మి ఉంటారు?

ఈ ప్రశ్న దగ్గరే నా మనసు కలుక్కుమంది. మా అత్తగారు "తిన్నావా అమ్మాయ్" అని ఏనాడూ అడిగిన మనిషి కాదు. పక్కింటావిడ మాత్రం "వదినా, వదినా" అంటూ నోట్లో తేనె పోసేది. అత్తగారి మీద చాడీలన్నీ ఆవిడకే చెప్పుకునేదాన్ని. నాకు టైఫాయిడ్ వచ్చింది. పక్కింటావిడ మా గుమ్మం తొక్కలేదు. ఇరవై రోజులు గంజి కాచి పోసింది అత్తగారే, అదీ విసుక్కుంటూనే!

అంటే తియ్యని మాటలన్నీ దొంగమాటలేనా? అలా అనుకుంటే అదీ తప్పే. ఆ ఆకును మొదట పెట్టింది శాలువాను కాపాడటానికి. తర్వాత పెట్టింది అమ్ముకోవడానికి. ఆకు అదే, వాసనా అదే. మంచి మాటా అంతే. ఎదుటివాళ్ళను కాపాడటానికి అంటున్నామా, మనల్ని మనం అమ్ముకోవడానికా? అది అనేవాళ్ళకే తెలియాలి. వినేవాళ్ళం మాత్రం వాసన చూసి ఊరుకోకుండా, కాస్త నేత కూడా తడిమి చూడాలి.

నేను ఆలస్యంగా తడిమాను. చాడీలు చెప్పానని ఒప్పుకుందామంటే ఇప్పుడు ఆవిడ లేరు. శాలువా తీసి కప్పుకున్నాను. కలరా ఉండల కంపే. కానీ ఎంత వెచ్చగా ఉందో!