దారము మనది, ఇసుక వాగుది



సామెతలు 30వ అధ్యాయములో ఆగూరు చీమను, చిన్న కుందేలును, మిడుతను, బల్లిని చూపి, ఇవి అల్పమైనవైనను తెలివి గలవని చెప్పుచున్నాడు. ఆయన ఏ వాగు ఒడ్డుననో కూర్చుండి రాళ్లు తిరగవేసియుండినయెడల ఐదవదానిని కూడ చేర్చియుండునేమో! శాస్త్రజ్ఞులు దానిని హైడ్రోప్టిలా అందురు. 1819లో డాల్మన్ అనువాడు ఆ పేరు పెట్టెను. రెక్కలు వచ్చిన తరువాత కూడ అది కొన్ని మిల్లీమీటర్ల పురుగే.

దాని పిల్ల పారు నీటిలో, రాళ్లమీది నాచును ఆశ్రయించి బ్రదుకును. నాచుపోగునకు రంధ్రము చేసి లోని రసము పీల్చును. గ్రుడ్డు విడిచినది మొదలు నాలుగు దశలవరకు దానికి ఇల్లు లేదు. సన్నని ఒంటితో ప్రవాహములోనే తిరుగును. ఐదవ దశలో కడుపు ఉబ్బును, అప్పుడే ఇల్లు కట్టును. తన నోటినుండి వచ్చు పట్టుదారముతో చిన్న సంచివంటి గూడు అల్లి, దానిమీద సన్నని ఇసుక రేణువులు అతికించును. దారము తన లోనిది. ఇసుక తానున్న వాగుది.

మన తాతముత్తాతలు రైలు పనికిని, గనులకును, మిల్లులకును వచ్చిరి. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనులోనున్నవారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరము, అక్కడనే ఇండ్లు కట్టుకొని తోటలు వేసికొమ్మని చెప్పుచున్నది. మనలను ఎవరును చెరపట్టి తేలేదు, కూలికొరకే వచ్చితిమి. అయినను ఆ ఉత్తరము మనకును చెందును.

పోయిన సంవత్సరము మా సంఘములో యౌవనస్థులు కీర్తనలను కన్నడ అక్షరములలో వ్రాసి ఇమ్మని అడిగిరి. వారికి తెలుగు వినవచ్చును, చదువరాదు. పెద్దలమైన మేము ఒప్పుకొనలేదు. తెలుగు అక్షరము పోయినచో తెలుగు సంఘమెక్కడిదని వాదించితిమి. నేర్పనిది మేమే, చదువరాదని గద్దించినదియు మేమే! కొందరు ఆరాధనకు వచ్చుట మానుకొనిరి. ఇసుక వద్దని వాగులో గూడు అల్లబోతిమి. దారము లేని ఇసుక మాత్రము నిలుచునా? ఇంటిలో బిడ్డలతో ఒక్క తెలుగు మాటైనను ఆడని తలిదండ్రులు కూడ ఈ పురుగును కొంచెము చూడవలెను.

ఇప్పుడు పది కీర్తనలు రెండు లిపులలో వ్రాయించితిమి. ఆరాధన ముగిసిన తరువాత అరగంట ఓనమాలు దిద్దించుచున్నాము. మానుకొనినవారి ఇండ్లకు మేమే వెళ్లి, తప్పు ఒప్పుకొని పిలుచుచున్నాము. ఇద్దరు వచ్చిరి. తక్కినవారి కొరకు మాతోకూడ ప్రార్థించుడి.