మార్కండేయుని తరువాతి కథ



మార్కండేయుని కథ యెఱుగని తెలుగు ఇల్లు లేదు. 16 ఏండ్ల బాలుడు శివలింగమును కౌగిలించుకొనగా యమపాశము వెనుదిరిగినది. హరికథలో అక్కడ మంగళహారతి పాడుదురు. కాని భారతమున, అరణ్యపర్వమునందు, అదే మార్కండేయుడు వనవాసదుఃఖమున నున్న పాండవులకడకు వచ్చి ధర్మబోధ చేయును. మృత్యువును దాటుట కథలో సగమే; దాటినపిమ్మట జీవించుట తక్కిన సగము.

లుకేమియా అను రక్తక్యాన్సరును దాటిన బిడ్డలు ఈ కాలపు మార్కండేయులు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే సంస్థ సిద్ధపఱచిన అమినాప్టెరిన్ మందును 1947లో బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు బిడ్డలకు ఇచ్చెను. వ్యాధి కొన్ని నెలలే తగ్గినను, మూసియున్న తలుపు తెఱచుకొన్నది. 1948లో సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. నేడు సంపన్నదేశములలో, బాల్యమున ఎక్కువగా వచ్చు లింఫోబ్లాస్టిక్ లుకేమియా సోకిన 100 మందిలో సుమారు 90 మంది బ్రతుకుచున్నారు.

ఆర్కన్సా రాష్ట్రములోని బెంటన్‌విల్ వాల్‌మార్ట్ సంస్థకు కేంద్రస్థానము. ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు అక్కడ నివసించుచున్నవి. ఆ సంస్థాపకుడు శాం వాల్టనుకు 1982లో పెద్దలకు వచ్చు ఒకవిధమగు లుకేమియా కనిపించెను. చికిత్స పొంది పదేండ్లు పనిచేసి, 1992లో వేఱొక క్యాన్సరుతో మరణించెను. అఱువదియేండ్ల వానికి పదేండ్లు వరము. నాలుగేండ్ల పసివానికి పదేండ్లు చాలునా?

నేటాలు చెఱకుతోటలలో పూర్వులు అయిదేండ్ల గిర్మిటు తీర్చిరి. కాని 1895 నాటి చట్టము, గిర్మిటు తీరి అక్కడనే స్వతంత్రముగా నిలిచినవారిపై ఏటేటా 3 పౌండ్ల పన్ను మోపెను. అది 1914లో గాని తొలగలేదు. కోలుకొన్న బిడ్డలపైనను అట్టి సుంకమొకటి కలదు. ఆంత్రాసైక్లిన్ తరగతి మందులవలన కొందఱి గుండె ఏండ్ల తరువాత బలహీనపడును. స్టెరాయిడ్లవలన ఎముకలు దెబ్బతినవచ్చును. పూర్వము తలకు రేడియేషను పొందినవారిలో కొందఱికి చదువు మందగించినది, ఎదుగుదల తగ్గినది. వ్యాధి తిరుగబెట్టునేమో యను భయము వేఱు.

చట్టము మోపిన పన్నును పోరాడి తొలగించిరి. ఈ సుంకమును తేలికపఱచుట కుటుంబముయొక్క, సంఘముయొక్క ధర్మము. ఏ మందు ఎంత మోతాదున ఇచ్చిరో తెలుపు పత్రమును, పూర్వులు గిర్మిటు కాగితమును పెట్టెలో దాచినట్లు భద్రపఱుపవలెను. ఊరు మాఱినను, దేశము మాఱినను, అది బిడ్డవెంట పోవలెను. ఆరోగ్యముగా కనిపించినను వైద్యులు చెప్పిన గడువులకు గుండెపరీక్ష మానరాదు. చదువులో వెనుకబడినవానిని సోమరి యనరాదు. పెండ్లి చెడునని పూర్వవ్యాధిని దాచుట బిడ్డకు రక్షణ కాదు. దాచినది వైద్యునికిని తెలియక, ప్రాణమునకే ముప్పు కాగలదు.

శివుడు మార్కండేయునికి ఆయుష్షును ప్రసాదించెను. ఆ ఆయుష్షును అవమానము లేకుండ గడపనిచ్చుట మానవుల చేతిలోనిది. అట్టి బిడ్డను జాలితో గాక గౌరవముతో పంక్తిలో కూర్చుండబెట్టుకొను సంఘమే ధర్మసంఘము.

శుభమస్తు.