చదువు నోటికా, మనసుకా?

చదవడం వచ్చింది అని ఎప్పుడనాలి? అక్షరాలు కూడబలుక్కుని పైకి అన్నప్పుడా, అందులో ఏముందో తెలిసినప్పుడా? ఇది బోధనా పద్ధతుల చర్చగా కనిపిస్తుంది గానీ, మనకు న్యాయాన్యాయాల ప్రశ్న కూడా.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. తెలుగు లిపిలో గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి. అవి ఎవరో ఒకరు ఓపికగా నేర్పకుండా వాటంతటవే రావు. ఇంట్లో పుస్తకం లేని పిల్లకు బడే దిక్కు. కథల పుస్తకం చేతికిచ్చి ఊరుకుంటే నష్టపోయేది ఆ పిల్లే.

అయితే అక్షరాన్ని మాట నుంచి విడదీసి నేర్పితే ఆ బరువు అందరి మీదా ఒకేలా పడదు. తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డ ‘ఓడ’ అని కూడబలుక్కుంటే ఆ మాట ముందే చెవిలో ఉంటుంది. గోండి, కోయ, సవర, కువి ఇళ్ల బిడ్డకు శబ్దం వస్తుంది, అర్థం రాదు. నిపుణ్ భారత్ మూడో తరగతికి పెట్టిన లక్ష్యం నిమిషానికి కనీసం 60 పదాలు, అదీ అర్థంతో చదవడం. పదాలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి అర్థం వెనకబడిపోతుంది. అర్థం కాకపోయినా ‘శభాష్’ అంటే, అర్థం చేసుకోవడం తన పని కాదని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. రేపు పెద్దయ్యాక కాగితం చదవగలిగినా, ఎదుటివాడు చెప్పిన అర్థానికే సంతకం పెడుతుంది. వేలిముద్ర పోయి సంతకం వచ్చిందన్న మాటే గానీ పరాధీనత పోలేదు.

దీనికి దారి చూపినవాళ్లున్నారు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి సవరలకు బడులు పెట్టారు. 1940లలో మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టించారు. 1963లో బ్రెజిల్‌లోని అంగికోస్‌లో పావ్లో ఫ్రెయిరీ బృందం శ్రామికుల రోజువారీ మాటలు తీసుకుని, వాటిని అక్షరాలుగా విడగొట్టి చదువు నేర్పింది. అక్కడ అక్షరమూ ఉంది, అర్థమూ ఉంది. మాట ముందు వచ్చింది, అక్షరం అందులోంచి వచ్చింది.

ఉపాధ్యాయులు రేపే ఈ పని మొదలుపెట్టవచ్చు. పిల్లలు నిన్నటి సంత గురించి చెప్పిన నాలుగు వాక్యాలు, వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో నల్లబల్ల మీద రాయండి. పక్కన తెలుగు మాట చేర్చండి. ‘సంత’లో సున్నా దొరుకుతుంది, ‘ఇప్ప’లో ఒత్తు దొరుకుతుంది. ఆ అక్షరాలను ఎన్నిసార్లయినా దిద్దించండి. పై తరగతుల్లో రేషన్ కార్డు, గ్రామసభ తీర్మానం, పోడు భూమి దరఖాస్తు చదివించండి. 2006 అటవీ హక్కుల చట్టం హక్కుల నిర్ధారణ మొదలుపెట్టే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. ఆ సభలో కాగితం చదివి, ‘ఇందులో మా గట్టు రాయలేదు’ అనగలిగే మనిషి కావాలి.

యువతకు వేరే పని ఉంది. అవ్వలు, తాతలు చెప్పే కథలను ఇప్పుడే రాసిపెట్టాలి. మన మాటలు కాగితం మీద లేకపోతే, మంచి ఉపాధ్యాయుడికి కూడా చదివించడానికి ఏమీ దొరకదు.