శ్రుతి దించుడి

ధ్యానభాగము: 2 సమూయేలు 19:31-40

దావీదు రాజు తన కుమారుడైన అబ్షాలోమునకు వెరచి మహనయీమునకు పారిపోయిన దినములలో, గిలాదు దేశపు బర్జిల్లయి మరి ఇద్దరితో కలిసి పరుపులు, గోధుమలు, తేనె, వెన్న తెచ్చి, అలసిన ఆ జనులను ఆదరించెను. యుద్ధము ముగిసిన పిమ్మట రాజు ఆ మేలు మరువక, అతనిని యెరూషలేమునకు పిలిచి పోషింపగోరెను. అప్పటికి బర్జిల్లయికి 80 ఏండ్లు. నోటికి రుచి తెలియదనియు, గాయకుల పాట చెవికి అందదనియు, రాజునకు భారముగా నుండుట తనకిష్టము లేదనియు అతడు మనవి చేసికొనెను.

ప్రియ చదువరీ, పిలిచినవాడెవడో గమనింపుము. సితారా వాయించుటలో చిన్ననాడే పేరొందిన దావీదు! తనకు మిక్కిలి ప్రియమైన పాటను, తనకు మేలు చేసిన వృద్ధుడు ఇక వినలేడు. మనకు మేలు చేసినవారికి మన పాట అందనప్పుడు మన ధర్మమేమి?

ఈ ప్రశ్న నాకు పుస్తకములో ఎదురు కాలేదు, మా గుడిలో ఎదురైనది. మా నాన్నగారు కూలిపని చేసి మమ్మును పెంచిరి. చదువు రాదు. అయినను చౌదరి పురుషోత్తము (1803-1890) గారి కీర్తనలు మొదలుకొని ఎన్నో పాటలు చెవితోనే నేర్చి, ఏండ్ల తరబడి సంఘములో పాట ఎత్తినవారు ఆయనే. ఇప్పుడు ఆయనకు వినికిడి తగ్గినది. మా యౌవనస్థులు కీబోర్డుతో వేగముగా పాడుచుండగా, ఆయన ఒక్కరు వెనుకబడి గట్టిగా పాడుచుందురు. ఒక ఆదివారము నేను ఓర్వలేక అందరి యెదుట, "నాన్నా, నువ్వు వెనకబడిపోతున్నావు, మైకు దగ్గర పాడకు" అంటిని.

ఆయన పాడుట మానివేసిరి. పాటల పుస్తకము మూసి ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. నాలుగు ఆదివారములు అట్లే గడిచెను. నేను ఆ నాలుగు ఆదివారములును ప్రేమను గూర్చియే ప్రసంగించితిని!

చివరకు మా అమ్మ నాతో, "చిన్నప్పుడు నువ్వు తాళం తప్పితే ఆయన నీకోసం ఆగేవాడు గదరా. ఇప్పుడు నువ్వు ఆగలేవా?" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వయస్సు మీరినకొలది చెవి మొదట పై స్థాయి ధ్వనులను పోగొట్టుకొనును. స, శ, త వంటి హల్లులు జారిపోవును. అందుచేత మాట వినబడినను అర్థము కాదు. మనము కేక వేసినచో గొంతు ఇంకను పైకి పోవును గనుక మేలు తక్కువ. నెమ్మదిగా, గొంతు దించి, ముఖము చూచి మాట్లాడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కచొప్పున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 25 మందికి మించి వినికిడి లోపముతో బాధపడుచున్నారు. కొందరికి చెవిలోని గులిమి తీసినచో చాలును, కొందరికి వినికిడి యంత్రము కావలెను. "ముసలితనములే" అని ఊరకుండక వైద్యునికి చూపుట కూడ సన్మానములో భాగమే.

మార్కు 7వ అధ్యాయములో మన ప్రభువు "కొర్బాను" అను మాటను గద్దించెను. తల్లిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనుట ఆ కాలపు మోసము. నేను చేసినదియు అదియే కాదా? దేవుని ఆరాధన చక్కగా జరుగవలెనని సాకు చెప్పి, నాకు ఆరాధన నేర్పిన నోటిని మూయించితిని.

మరి దావీదేమి చేసెను? భారమగుదునన్న వృద్ధుని మాటను పట్టుకొని "సరే, పొమ్ము" అని చేతులు దులుపుకొనలేదు. బలవంతమును చేయలేదు. ముద్దుపెట్టుకొని దీవించి, అతడు కోరినట్లే స్వగ్రామమునకు పంపి, అతడు చూపిన కింహామును తనతో తీసికొనిపోయెను. మరణకాలమునను బర్జిల్లయి కుమారులను మరువవద్దని సొలొమోనునకు ఆజ్ఞాపించెను (1 రాజులు 2:7). ఇచ్చువాని ఇష్టము కాదు, పుచ్చుకొనువాని శక్తియే కొలత ఆయెను.

మరుసటి శనివారము కుటుంబ ప్రార్థనలో నాన్నగారిని క్షమాపణ వేడితిని. హార్మోనియము మీద రెండు మెట్లు దించి, నెమ్మదిగా పల్లవి ఎత్తితిని. ఆయన కొంతసేపు నా పెదవులు చూచి, తరువాత కలిసిరి. మూడవ చరణములో ఒక మాట తప్పెను. అందరము ఆగితిమి. ఆయన అందుకొనిరి. ఇప్పుడు ఆదివారమున మొదటి కీర్తన ఆయన శ్రుతిలోనే పాడుచున్నాము. యౌవనస్థులు మొదట గొణిగిరి గాని, తమ అవ్వతాతలు కూడ నోరు విప్పుట చూచి ఊరకుండిరి.

నలుబది దాటిన నాకును తారస్థాయి అందుట లేదు. కీబోర్డు వాయించు నా కుమారుడు అప్పుడప్పుడు నావైపు చిరాకుగా చూచును. నేను మా నాన్నగారి కొరకు ఆగుట వాడు చూచుచున్నాడు. నా వంతు వచ్చునప్పటికి వాడు దానిని నేర్చుకొనియుండును గాక.

సహోదరులారా, ఈ నెలలో మీ ఇంటి పెద్దలకు తెలిసిన పాట ఏదో అడిగి, వారి శ్రుతిలో, వారి నడకలో వారితో కూడ పాడుడి. తల్లిదండ్రులను సన్మానించుడన్న ఆజ్ఞ అక్కడనుండి మొదలుపెట్టవచ్చును.