చెత్త పన్ను పోయినది; ఋణము పోయినదా?

ఇంటి చెత్తను తీసికొనిపోవుటకు ఇంటివారు సొమ్ము చెల్లింపవలెనా, అక్కరలేదా అను ప్రశ్న పైకి పురపాలక సంఘపు జమాఖర్చుల ప్రశ్నవలె కన్పట్టును. కాయకము, దాసోహము అను రెండు మాటలను నిత్యము పలుకు మనకు మాత్రము ఇది ధర్మప్రశ్న కూడ.

మన రాష్ట్రమున జరిగిన సంగతి అందరెరిగినదే. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమము ప్రారంభమైనది. ఇంటింటికి మూడు రంగుల బుట్టలు, వీధికి చెత్తబండి వచ్చినవి. వానితోపాటు పట్టణ గృహములపై నెలకు 120 రూపాయల వరకు రుసుమును వచ్చినది. ప్రజలు దానికి చెత్త పన్ను అని పేరు పెట్టిరి. వారి తీర్పు ఆ పేరులోనే కలదు. ఇంటి పన్ను కట్టుచుండగా మరల ఇదేమియని అడిగిరి. 2022లో కర్నూలులో రుసుము కట్టలేదని దుకాణముల ముందు మున్సిపల్ సిబ్బందియే చెత్త పోసిన వార్త చదివినపుడు నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియరాలేదు. సరిగా మూడేండ్లకు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నమున ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దును ప్రకటించిరి. రాష్ట్రమున 85 లక్షల టన్నుల చెత్త పేరుకొనియున్నదనియు చెప్పిరి. పన్ను పోయినది. చెత్త పోలేదు.

ఇట్టి విషయములలో ఆర్థికశాస్త్రజ్ఞులు ఇల్లిల్లు తిరిగి, "చెత్త బాగుగా తీసినచో నెలకెంత ఇత్తురు?" అని అడిగి లెక్కకట్టుదురు. ఆదాయమును బట్టి, చదువును బట్టి, సేవపైగల నమ్మకమును బట్టి జవాబు మారును. నోటితో ఇచ్చినంత చేతితో ఈయరనియు వారికి తెలియును. నాకు ఆ ప్రశ్నలోనే ఒక లోపము కన్పించుచున్నది. ఇష్టమున్నచో కొనవచ్చును, లేనిచో మానవచ్చును అనునట్లు అది అడుగబడును. నా గుమ్మము దాటిన చెత్త పోయి ఆగినచోట మరియొకరి గుమ్మము కలదు. వారిని ఎవరడిగిరి?

మన గుంటూరు, ప్రకాశము మెట్టసీమలో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టనేలేదు. నాడు పెరటిలోని పెంటకుప్ప సొత్తు. పేడ, బూడిద, కసువు, ఎంగిలాకులు, మిరప తొడిమలు అన్నియు అందు కుళ్ళి ఎరువగును. వేసవిలో రైతు బండికింతయని వెలకట్టి తోలుకొనిపోయి ప్రత్తి చేలలోను, మిరప చేలలోను చల్లెడివాడు. నాడు చెత్తకు ఎదురు సొమ్ము వచ్చినది. నేడు మనము సొమ్మిచ్చి పొమ్మన్నను చేలలోనికి రానీయరు. ఆ కుప్పలో ప్లాస్టిక్ సంచిని కలిపినది మనమే గదా! కొండవీడు దాపున చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కర్మాగారము వెలసినది. మంచిదే. కాని అన్నమును, కూరలును కలిసిన తడిచెత్త సరిగా మండదు. వేరుచేయు పని మరల ఇంటి వాకిటికే వచ్చును.

2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములు గృహస్థునకు రెండు విధులు చెప్పినవి: చెత్తను మూడు తెరగులుగ వేరుచేసి యిచ్చుట, రుసుము చెల్లించుట. రెండవదానిపై ఊరూర రభస జరిగినది. మొదటిదానిని గూర్చి మాటాడినవారు అరుదు. దానికి పైస ఖర్చు లేదు. కావుననే, మనకు లేనిది డబ్బు కాదేమోయని నా అనుమానము.

పన్నెండవ శతాబ్దపు శరణులలో సత్యక్క కాయకము ఇండ్ల వాకిళ్ళు ఊడ్చుట. దారిలో పడియున్న పరుల సొత్తును ముట్టని వ్రతము ఆమెది. అనుభవ మంటపపు శరణులు ఆమెను తమలో ఒకతెగా ఎంచిరి. బట్టలుతుకు మడివాలు మాచయ్య కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి ఎంత గౌరవముతో చెప్పెనో మన యిండ్లలో పెద్దలెరుగుదురు. ఆ కథలకు కన్నీరు కార్చు మనము, తెల్లవారి వాకిట నిలిచిన పారిశుద్ధ్య కార్మికురాలికి మంచినీళ్ళ గ్లాసును వేరుగా ఉంచుచున్నామా, లేదా? ఈ ప్రశ్నకు ఎవరికి వారే జవాబు చెప్పుకొనవలెను. 2023 డిసెంబరు 26 మొదలు రెండు వారములపాటు పురపాలక కార్మికులు వేతనములకై సమ్మె చేసినపుడు ధనుర్మాసపు ముగ్గుల ప్రక్కనే కుప్పలు లేచినవి. వారి పేరు తెలియనివారికి కూడ వారి పని విలువ అప్పుడు తెలిసినది.

దానమునకును దాసోహమునకును భేదము కలదు. దానమున ఇచ్చువాని చేయి పైది. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. చెత్త రుసుమును వెలగా తలచినవాడు "డబ్బిచ్చితిని, ఏమైనను పారవేయుదును" అనును. దానమని తలచినవాడు దయ చూపినట్లు భావించును. ఇతరుల కాయకము వలన మనము పొందిన శుభ్రతకు తిరిగి సమర్పించునది దాసోహము. దానికి పన్ను ఉన్నను, లేకున్నను ఒకటే.

ఆ పన్ను రద్దు తప్పని నేననను. మిరప కోతకు, తొడిమలు తీయుటకు పోయి పొట్టపోసికొను కుటుంబమునకు నెలనెల రుసుము భారమే. అట్టివారిని పీడించుట ఏ ధర్మమును కాదు. వారు చేయు చెత్తయు స్వల్పము. గృహప్రవేశమునకు వేయి ప్లాస్టిక్ పళ్ళెములు పరచి, నెలకు నూరు రూపాయలకు వాదులాడిన మేడలవారి మాట వేరు.

మన మఠములలోను దాసోహము జరిగిన మరునాడు ఎంగిలాకులు ఎత్తువారు వత్తురు. పలుచోట్ల వారికిచ్చునది చిల్లర ఖర్చులలో కలిసిపోవును. రాబోవు శివరాత్రికి లెక్కలు వ్రాయు పెద్దలు ఆ పద్దును వంటవారి పద్దు ప్రక్కనే వ్రాసి, పంక్తిలో వారికి ఆకు వేయింతురేమో అడిగి చూడవలసియున్నది.