పరాయిని మోసే దేహం

గర్భంలోని బిడ్డ జన్యువులలో సగం తండ్రివి. ఇతరుల కిడ్నీ అమర్చితే తిరస్కరించే తల్లి శరీరం, ఈ సగం పరాయి ప్రాణిని తొమ్మిది నెలలు ఎలా సాకుతుంది? 1953లో బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్ లేవనెత్తిన ప్రశ్న ఇది. ఆ కాలంలో తల్లి రోగనిరోధక శక్తి అణగిపోతుందని చాలామంది అనుకున్నారు. ఆ జవాబు చాలదు. మాయ అతుక్కునే పొరలో తొలి నెలల్లో కనిపించే రోగనిరోధక కణాల్లో ఎక్కువ భాగం సహజ హంతక కణాలు. పేరు అదే అయినా అక్కడ వాటి ముఖ్యమైన పని వేరు: తల్లి రక్తనాళాలు వెడల్పై మాయకు రక్తం దండిగా అందేలా అవి తోడ్పడతాయి. బిడ్డ వైపు నుంచి మాయ కణాలు తమ మామూలు గుర్తింపు అణువులను చాలావరకు మరుగుపరచి, హెచ్‌ఎల్‌ఏ-జి అనే మరో అణువును ముందుంచుతాయి. ఇదంతా యుద్ధభాషలో ఇమడదు. తనది కానిదాన్నల్లా తరిమికొట్టడమే రోగనిరోధకమైతే మనిషి పుట్టుకే సాధ్యం కాదు. బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో చేరి, కాన్పయిన దశాబ్దాల తరువాత కూడా కనిపిస్తాయి. తాను ఎక్కడ ముగుస్తుందో దేహానికే గట్టి గీత లేదు.

ఈ సర్దుబాటులో ప్రమాదమూ ఉంది. గుండె, ఊపిరితిత్తులపై పెరిగే భారం కూడా తోడై, ఫ్లూ గర్భిణులను ఎక్కువగా బాధిస్తుంది. హెపటైటిస్-ఇ వారి ప్రాణం మీదికే తెస్తుంది.

తల్లి ఐజీజీ యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరతాయి, అందులో ఎక్కువ భాగం చివరి వారాల్లోనే. అందుకే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ వాటా తగ్గుతుంది. గర్భిణికి వేసే టీడీ సూది ఆమెతోపాటు పుట్టబోయే బిడ్డనూ ధనుర్వాతం నుంచి కాపాడేది ఈ దారినే. 2015లో తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్‌కు గుర్తింపు వచ్చింది. శుభ్రమైన కాన్పులతోపాటు ఆ సూదికీ అందులో పెద్ద పాత్ర ఉంది. పుట్టాక ముర్రుపాలలోని ఐజీఏ యాంటీబాడీ బిడ్డ పేగు లోపలి పొరను కాస్తుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ రోగనిరోధకం బలహీనమైనదనడం కంటే, వేరే పనిలో ఉందనడం సరైనది. ఒక్కసారిగా వచ్చిపడే పాలను, సూక్ష్మజీవులను సహించడం దాని మొదటి పని. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువులకు రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు. తరువాత అదే వ్యాధి తీవ్రరూపం నుంచి వారికి రక్షణ దొరికింది. వారికి సోకిన 116ఇ రకం మనిషి వైరసే, కానీ అందులో ఒక జన్యువు పశువు వైరస్‌ది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ దానితోనే రోటావాక్ చుక్కలు తయారుచేసింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో రోటావైరస్ టీకాలు మొదలయ్యాయి. చుక్కలు 6, 10, 14 వారాలకు వేస్తారు.

తల్లి ఇచ్చిన రక్షణే ఒక్కోసారి టీకాకు అడ్డు. ఆమె యాంటీబాడీలు తట్టు టీకాలోని వైరస్‌ను పనిచేయనివ్వవు గనుక, మన దేశంలో మొదటి మోతాదు 9 నెలలు నిండాక వేస్తారు. ఆ యాంటీబాడీలు చాలామంది పిల్లల్లో అంతకుముందే తరిగిపోతాయి. ఆ మధ్యకాలంలో బిడ్డకు తట్టు సోకుతుందా లేదా అన్నది చుట్టుపక్కల పిల్లలకు టీకా పడిందా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.