కుక్క కోసం ఏడవడం తప్పా?

అరకు లోయకు ఎగువన, కొండవాలున సామలూ చోళ్లూ పండించుకొనే ఒక చిన్న పల్లె ఉంది. నెలకు ఒకసారి అక్కడ దివ్యపూజ జరుగుతుంది. ఒక అక్టోబరు నెలలో నేను వెళ్లేసరికి, ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే కుటుంబం పూజకు రాలేదు. పూజ ముగించి వారి ఇంటికి వెళ్లాను. పొయ్యి రాజెయ్యలేదు. వారి కుక్క చనిపోయింది. ముందు రాత్రి ఇంటాయన మంచె మీద చేను కాస్తుంటే, మంచె కిందికి వచ్చిన పామును అది అడ్డుకొని కాటు తిన్నది. పదేళ్లుగా అడవిపందుల నుండి ఆ చేనును కాపాడినది అదే.

ఇంటి ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొంటూ, "కుక్క కోసం ఏడవడం తప్పేనా ఫాదరూ?" అని అడిగింది. ఎనిమిదేళ్ల మనుమడి ప్రశ్న వేరు. "అది దేవుని దగ్గరకు వెళ్లిందా ఫాదర్?"

సెమినరీలో చదివిన తత్వశాస్త్రం నా నోట తొందరపడి పలికింది. "లేదు బాబూ, జంతువులకు అమరమైన ఆత్మ ఉండదు" అన్నాను. వాడు తల దించుకొని బయటకు వెళ్లిపోయాడు. కొండ దిగి వస్తున్నంతసేపూ నా మనస్సు నన్ను గద్దించింది.

ప్రియ పాఠకులారా, ఆ పాఠం అబద్ధం కాదు. జంతువు ప్రాణం దాని శరీరంతోనే ముగిసిపోతుందని 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు బోధించారు. దేవుని పోలికలో సృజింపబడినవాడు మానవుడే. అయితే ఆ బోధ, తన స్వభావం వల్ల మరణాన్ని దాటి నిలిచేది ఏది అనే ప్రశ్నకు జవాబు. తాను చేసిన సృష్టిని దేవుడు చివరకు ఏమి చేస్తాడన్నది మరొక ప్రశ్న. మన శరీరాలు తిరిగి లేవడం కూడా మన శక్తి వల్ల కాదు, ఆయన కృప వల్లనే గదా! సృష్టి అంతా మూలుగుతూ విమోచన కోసం ఎదురు చూస్తున్నదని పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖ 8వ అధ్యాయంలో చెప్పారు. పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో, నిత్యజీవంలో ప్రతి ప్రాణికీ రూపాంతరం పొందిన స్థానం ఉంటుందని వ్రాశారు. ఎలా ఉంటుందో మనకు తెలియదు. కనుక ఆ పిల్లవానికి నేను మాట ఇవ్వలేను. అలాగని తలుపు మూసివేసే అధికారమూ నాకు లేదు.

ఇక ముసలమ్మ ప్రశ్న. బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల వాని కంచంలో తిని, వాని రొమ్మున పడుకొని, కూతురులా పెరిగిందని నాతాను ప్రవక్త చెప్పినప్పుడు దావీదు నవ్వలేదు, మండిపడ్డాడు. తోబియా ప్రయాణంలో రఫాయేలు దేవదూతతో పాటు కుక్క కూడా వెళ్లిందని తోబీతు గ్రంథం మరచిపోకుండా చెబుతుంది. మేలు చేసిన ప్రాణి కోసం ఏడవడం పాపం కాదు, అది కృతజ్ఞత.

దీనికి ఒక హద్దు ఉంది. జంతువులను దయతో చూడాలని, ప్రేమించవచ్చునని చెప్పిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథమే, మనుష్యులకు చెందవలసిన మమతను వాటికి మళ్లించరాదని కూడా చెప్పింది. పట్నంలో పామరేనియన్ పోయిందని మూడు రోజులు అన్నం మానినవారు, తమ ఇంట అంట్లు తోమే అమ్మాయి జ్వరంతో రాకపోతే ఆ పూట జీతం కోస్తే, ఆ కన్నీరు ఎటువంటిది? నిజమైన దుఃఖం గుండెను విశాలం చేస్తుంది.

మరుసటి నెల వెళ్లినప్పుడు ఆ పిల్లవాణ్ణి పిలిచి, "ఆ రోజు తొందరపడ్డాను నాన్నా" అన్నాను. కుక్కను పూడ్చిన పనసచెట్టు దగ్గరకు అందరం వెళ్లాము. మనుష్యులకు చేసే భూస్థాపన ప్రార్థనలు చెప్పలేదు. ఆ పదేళ్ల కాపుదల కోసం దేవునికి వందనాలు చెప్పుకొన్నాము.

"అయితే వెళ్లిందో లేదో తెలీదా ఫాదర్?" అన్నాడు వాడు.

"తెలియదు. కాని దాన్ని చేసినవాడు దాన్ని మరచిపోడు. పిచ్చుకలను కూడా దేవుడు మరువడని యేసు ప్రభువే చెప్పారు."

ఈసారి వాడు తల దించుకోలేదు. తల్లిదండ్రులారా, మీ ఇంట మీ బిడ్డ ఈ ప్రశ్న అడిగితే నాలాగా తొందరపడకండి. ముందు పక్కన కూర్చోండి.